చిట్టెం రాళ్ల ఊళ్లో చుక్కరాయి వేట

ఉల్కరాళ్ల పిచ్చి పట్టినవాళ్లం విశాఖలో నలుగురం ఉన్నాం. ఒకరు రిటైరైన ఫిజిక్స్ మాష్టారు. ఒకాయన షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తారు. ఒకమ్మాయి జియాలజీలో పీజీ చేస్తోంది. నాలుగోవాణ్ని నేను. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో ఇడ్లీ బండి దగ్గర కలుస్తాం. మా సంగతి తెలిసినవాళ్లు రాళ్లు పట్టుకుని అక్కడికే వస్తారు. సంచిలో తెస్తారు, తువ్వాలులో చుట్టి తెస్తారు, ఒకాయన అయితే టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. ఇన్నేళ్లలో వచ్చినవాటిలో ఆకాశం నుంచి పడినవి ఎన్ని అని అడిగితే జవాబు తేలికే: ఒక్కటీ లేదు.

కిందటి నెల గాజువాక నుంచి వచ్చిన పెద్దాయన ఇంకా కళ్లముందే ఉన్నాడు. ఆయన తెచ్చిన రాయి నల్లగా నిగనిగలాడుతోంది, కిలోన్నర ఉంటుంది. “మా పెరట్లో పునాది తీస్తంటే బయటపడింది బాబూ. అయస్కాంతం పెడితే అతుక్కుపోతోంది. ఉల్కే కదేటి?” అన్నాడు. మాష్టారు రాయిని అటూ ఇటూ తిప్పి, బుడగలు పేలిన గుంటలున్న వైపు ఆయనకు చూపించారు. “ఇది కొలిమి చిట్టెం అండీ. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే మడ్డి. లోపల గాలి బుడగలుండి గట్టిపడింది, అందుకే ఈ గుంటలు.” పెద్దాయన కాసేపు రాయి వంకే చూసి, “అయితే దీన్నేటి చెయ్యమంటారు?” అన్నాడు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోమన్నారు మాష్టారు. ఆయన నవ్వాడు గానీ మనసు కష్టపెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది.

ఈ హాబీలో ముప్పాతిక వంతు పని ఇదే. ‘కాదు’ అని చెప్పగలగాలి, ఎందుకు కాదో చూపించగలగాలి. మిగతా పావు వంతు ఎక్కడ, ఎప్పుడు, ఎలా దొరికిందో రాసిపెట్టుకోవడం. రాయి చేతికి రావడం ఈ లెక్కలోకి రాదు. వస్తే అదృష్టం.

పేర్ల దగ్గరే మొదటి చిక్కు

రాత్రి ఆకాశంలో సర్రున గీత గీసి మాయమయ్యే వెలుగును మనం ‘చుక్క రాలింది’ అంటాం. పుస్తకాల భాషలో అది ఉల్క. ఆ వెలుగు ఆరిపోయాక కూడా మిగిలి, నేల మీద పడిన ముక్క ఉల్కాశిల లేదా ఉల్కాశకలం. నేను ఉల్కరాయి అంటాను, నోటికి తేలిక. తోకచుక్క సంగతి పూర్తిగా వేరు. అది సూర్యుడి చుట్టూ తిరుగుతూ, వారాల తరబడి ఆకాశంలో కనిపించే మంచు, దుమ్ము ముద్ద. టీవీ స్క్రోలింగుల్లో ఈ మూడూ కలగాపులగం అవుతుంటాయి.

ఏటా డిసెంబరు 14 ప్రాంతంలో జెమినిడ్స్ ఉల్కాపాతం వస్తుంది. భీమిలి వైపు చీకటిగా ఉన్న ఇసుకలో పడుకుని చూస్తే గంటకు పదుల్లో కనిపిస్తాయి. మర్నాడు ఎవరో ఒకరు ఫోన్ చేసి, “రాత్రి అన్ని రాలాయి కదా, ఎక్కడైనా దొరికాయా?” అని అడుగుతారు. దొరకవు. ఆ వెలుగులు చాలావరకు ఇసుక రేణువంత, గులకరాయంత ముక్కలవి. ఎన్నో కిలోమీటర్ల ఎత్తునే ఆవిరైపోతాయి. నేలదాకా వచ్చే రాళ్లకు ఉల్కాపాతం తేదీలతో పనిలేదు, ఏ రోజైనా ఏ వేళైనా పడొచ్చు. పట్టపగలు పడినవీ ఉన్నాయి.

ఇక పిడుగురాయి. పిడుగుతో పాటు రాయి పడుతుందన్న నమ్మకం మనవాళ్లలో చాలా పాతది. పల్నాడులో ఆ పేరుతో ఊరే ఉంది. పొలం దున్నుతుంటే బయటపడిన కొత్త రాతియుగపు నున్నటి గొడ్డళ్లను కూడా పిడుగు తెచ్చినవిగా భావించి గుడి అరుగు మీద పెట్టిన చోట్లున్నాయి. పిడుగు కరెంటు, అది రాయిని మోసుకురాదు. అయితే ఈ పొరపాటు పల్లెటూరి వాళ్లదే అనుకుంటే తప్పు. 1768లో ఫ్రాన్స్‌లోని లూసే అనే చోట రాయి పడితే, దాన్ని పరీక్షించిన బృందంలో లవోజియే ఉన్నాడు. ఆధునిక రసాయనశాస్త్రానికి పితామహుడు అంటామే, ఆయనే. ఇది ఆకాశం నుంచి పడింది కాదు, నేల మీదున్న రాయికే పిడుగు తగిలిందని వాళ్లు తేల్చారు. పడుతుండగా చూశామన్న రైతుల మాట వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

1794లో జర్మనీ శాస్త్రవేత్త క్లాడ్నీ ఈ రాళ్లు అంతరిక్షం నుంచే వస్తాయని రాస్తే చాలామంది నవ్వారు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోనే లేగ్ల్ అనే ఊరి మీద మూడు వేల దాకా రాళ్లు కురిశాయి. ప్రభుత్వం బియో అనే యువ శాస్త్రవేత్తను పంపింది. ఆయన ఊరూరూ తిరిగి, ఎవరు ఎక్కడ నిలబడి ఏం చూశారో, ఏం విన్నారో రాసుకున్నాడు. రాళ్లు దొరికిన చోట్లను గుర్తిస్తే అవి నేల మీద కోడిగుడ్డు ఆకారంలో పరుచుకున్నాయి. ఆ నివేదికతో వాదన ముగిసింది. ల్యాబులో తేలని సంగతి ఊరివాళ్ల సాక్ష్యంతో తేలింది. మా మాష్టారికి ఇది మహా ఇష్టమైన కథ, కొత్తగా ఎవరొచ్చినా చెప్పకుండా వదలరు.

ఇంకో అపోహ, ఉల్కరాయి నిప్పుల ముద్దలా వచ్చి పడుతుందని. గాలిలోకి చొరబడేటప్పుడు దాని వేగం సెకనుకు కనీసం 11 కిలోమీటర్లు. ఆ వేగానికి పైపొర కరిగి ఊడిపోతుంది. భూమికి ఇంకా 15, 20 కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే గాలి దాన్ని బాగా నెమ్మదించేస్తుంది, వెలుగు ఆరిపోతుంది. అక్కణ్నుంచి మామూలు రాయిలాగే కింద పడుతుంది, గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో. వేడి తగిలింది కొన్ని సెకన్లే కాబట్టి లోపలికి దిగదు. గడ్డివాము తగలబెట్టిన ఉల్క అని ఎవరైనా చెబితే అగ్గిపెట్టె ఎవరి జేబులో ఉందో చూడాలి.

మన జిల్లా పేరు మీద ఉన్న ఇనుప ముక్క

విశాఖలో ఉల్కరాళ్ల ఊసెత్తితే నెడగొల్ల కథ చెప్పకుండా ఉండలేం. 1870 జనవరిలో, అప్పటి వైజాగపటం జిల్లాలో మేరంగి ప్రాంతాన, ఆకాశం నుంచి 4.6 కిలోల ఇనుప ముద్ద పడింది. ప్రపంచ ఉల్కల పట్టికలో దాని పేరు నెడగొల్ల. ఉల్కరాయికి అది పడిన చోటి పేరే పెడతారు, అది నియమం. ఆ పట్టికలోని ఇంగ్లీషు స్పెల్లింగు పట్టుకుని ఇవాళ్టి మ్యాపులో ఊరు వెతికితే కళ్లు కాయలు కాస్తాయి. పైగా ఆ ప్రాంతం జిల్లాలు మారుతూ వచ్చింది. ఒకప్పటి విశాఖ జిల్లాను ముక్కలు చేస్తూ శ్రీకాకుళం వచ్చింది, విజయనగరం వచ్చింది, 2022లో పార్వతీపురం మన్యం వచ్చింది.

పడుతుండగా చూసి, వెళ్లి తెచ్చుకున్న ఇనుప ఉల్కలు ప్రపంచం మొత్తం మీద యాభై చిల్లర. మిగతా ఇనుప ఉల్కలన్నీ ఎప్పుడో పడి, తర్వాత ఎవరికో దొరికినవి. కళ్లముందు పడే రాళ్లలో ఇనుపవి నూటికి ఐదు కూడా ఉండవు. నూటికి తొంభై పైన రాతివి, వాటిలోనూ ఎక్కువభాగం లోపల చిన్న గుండ్రటి గింజలుండే కాండ్రైట్లు. రాయీ ఇనుమూ కలిసినవి ఒక శాతం. ఆ ఐదులోపు అరుదైన జాతి మన జిల్లాలో పడింది. అది ఏ గుంపులోనూ ఇమడలేదు. ఇనుప ఉల్కలను వాటిలోని నికెల్, గాలియం, జెర్మేనియం, ఇరిడియం పాళ్లను బట్టి గుంపులు కడతారు. ఒక గుంపులోవన్నీ ఒకే చిన్న గ్రహం గర్భం నుంచి వచ్చినవని లెక్క. నెడగొల్ల ఒంటరి. తేలిగ్గా ఆవిరయ్యే మూలకాలు దానిలో మరీ తక్కువ.

2022లో జర్మనీ శాస్త్రవేత్తలు దాని ముక్కలోని మాలిబ్డినం, రుథేనియం, నికెల్ ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలు, కొలిచారు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, అసలు సంగతి ఇదే. సౌరకుటుంబం పుట్టిన కొత్తల్లో సూర్యుడి చుట్టూ తిరిగే దుమ్ము రెండు వాటాలుగా విడిపోయింది. ఒకటి లోపలి వైపు, ఇంకోటి బయటి వైపు. మధ్యలో గోడ కట్టింది త్వరగా పెరిగిన గురుగ్రహం అని చాలామంది అభిప్రాయం. రెండు వైపులా ఐసోటోపుల పాళ్లు వేరు, రెండు ఊళ్ల యాస వేరైనట్టు. ఏ ఉల్కను కొలిచినా అయితే ఈ యాస, లేదా ఆ యాస. నెడగొల్లలో మాత్రం రెండూ కలిసి వినిపించాయి. అలాంటి ఉల్క దొరకడం అదే మొదలు. సౌరకుటుంబం పుట్టిన 70 లక్షల ఏళ్ల తర్వాత ఎప్పుడో, లోపలి వైపు గ్రహశకలమొకటి బయటి వైపు దానితో ఢీకొని, రెండింటి ఇనుప గర్భాలు కలిసిపోయాయని, ఆ ముక్కే ఇదని వాళ్లు తేల్చారు. గురుడు పెరిగేకొద్దీ బయటివాటిని లోపలికి తోసి ఉంటాడని లెక్కల్లో ఉన్న ఊహకు ఐసోటోపుల సాక్ష్యం మొదటిసారి దొరికింది.

1870లో దాన్ని తెచ్చినవాళ్లకు ఐసోటోపు అన్న మాటే లేదు. చోటు, ఏడాది రాసి, ముక్కను భద్రం చేశారు, అంతే. 152 ఏళ్ల తర్వాత అడిగిన ప్రశ్నకు అది జవాబు చెప్పింది. ఆ ఇనుమును అప్పుడు ఏ కమ్మరి అయినా నాగటి కర్రుగా సాగదీసి ఉంటే అడగడానికి ఏమీ మిగిలేది కాదు.

దేశంలో ఇలా పేరు తెచ్చుకున్నవి ఇంకా ఉన్నాయి. బీహార్‌లో 1865లో పడిన షెర్గొట్టి, అంగారకుడి నుంచి వచ్చిన ఉల్కల్లో పెద్ద గుంపుకు తన పేరే ఇచ్చింది. జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో 2017 జూన్ 6న పడిన రాయిలో నీరు చేరి మారిన ఖనిజాలున్నాయి. గుజరాత్‌లో 2022 ఆగస్టు 17న పడిన దియోదర్, ఆబ్రైట్ అనే చాలా అరుదైన రాతి జాతి. మన పక్కనే ఒడిశాలో 2003 సెప్టెంబరులో కేంద్రపడ రాళ్లు పడ్డాయి.

మరి విశాఖలో ఎందుకు దొరకవు?

పడటం మీద ఊరి ప్రమేయం లేదు. ఎడారిలో పడినంతగానే ఇక్కడా పడాలి. తేడా పడ్డాక వస్తుంది. మన ఆకాశంలో తూర్పు సగం బంగాళాఖాతం మీదే ఉంది, అటు పడినది పడినట్టే మునుగుతుంది. పడమటి సగంలో పడితే వాన, ఉప్పుగాలి. రాతి ఉల్కల్లో చాలావాటిలో ఇనుము, నికెల్ రవ్వలు ఉంటాయి, తుప్పు వాటితో మొదలై రాయినే పగలగొడుతుంది. మన కిటికీ ఊచలు చూసుకుంటే ఉల్కరాయికి ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. ఆపైన తుప్పలు, ఇళ్లు.

సహారాలో, ఒమన్‌లో, చిలీలోని అటకామాలో వాన ఉండదు, తెల్లటి నేల మీద నల్ల రాయి దూరం నుంచే కనిపిస్తుంది. అంటార్కిటికాలో మంచు రాళ్లను దాచి, మోసి, కొండల అడ్డు వచ్చినచోట పోగుపెడుతుంది. 1969లో జపాన్ బృందం అక్కడ ఒకే చోట తొమ్మిది రాళ్లు ఏరింది. అవి వేర్వేరు జాతులవని తేలాక, ఒకే రాయి ముక్కలు కావని, మంచే వాటిని అక్కడ పోగుపెట్టిందని అర్థమైంది. ఇప్పుడు ప్రపంచ పట్టికలో 70 వేలకు పైగా పేర్లుంటే సగం పైన అంటార్కిటికావే.

తెచ్చేవి ఏమిటి?

ఉల్కరాయి కాకపోయినా, అలా అనిపించే రాళ్లకు మాత్రం ఉత్తరాంధ్రలో కొదవలేదు. అన్నిటికంటే ముందు చిట్టెం, స్లాగ్. ఉక్కు నగరం ఒకవైపు, ఫెర్రో అల్లాయ్ కొలుములు ఇంకోవైపు, రోడ్ల కింద పరిచిన స్లాగ్, పునాదుల్లో నింపిన స్లాగ్. తర్వాత మాంగనీసు. గరివిడి, చీపురుపల్లి వైపు గనుల ముడి ఖనిజం నల్లగా, చేతికి బరువుగా ఉంటుంది. అక్కడి కోడూరు గని పేరు మీద ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఒక రాతికి కోడురైట్ అని పేరే పెట్టాడు. మూడోది బైలదిల్లా నుంచి రైల్లో పోర్టుకు వచ్చే ఇనుప ఖనిజం. నాలుగోది మన కొండల చార్నొకైట్, ముదురు రంగు రాయి. సింహాచలం, కైలాసగిరి కొండల ఖోండలైట్‌ను మాత్రం ఎవరూ తేరు, అది గోడల్లో రోజూ చూసేదే.

వీటిని విడదీయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. బాత్రూం టైలు వెనక గరుకు వైపు మీద రాయిని గట్టిగా గీయాలి. ఎర్ర గీత పడితే హెమటైట్ అనే ఇనుప ఖనిజం. నల్లగా, ముదురు బూడిదగా పడితే మాగ్నటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం గానీ మాంగనీసు గానీ. కొత్తగా పడిన ఉల్కరాయి దాదాపు గీతే పెట్టదు. పాతబడి తుప్పు పట్టినది మాత్రం మోసం చేయగలదు.

తర్వాత సాంద్రత. వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగు తాకకుండా నీళ్లలో వేలాడదీస్తే కాటా ఎంత చూపిస్తుందో అదే రాయి ఘనపరిమాణం, క్యూబిక్ సెంటీమీటర్లలో. రాయి బరువును దానితో భాగించాలి. చార్నొకైట్ 3కి కాస్త అటూ ఇటూ వస్తుంది. సాధారణ కాండ్రైట్ 3.2 నుంచి 3.8 మధ్య. మాంగనీసు ఖనిజం 4 దాటుతుంది, మంచి హెమటైట్ 5. ఇనుప ఉల్క 8కి దగ్గర. ఈ లెక్క చేస్తుంటే మా షిప్పింగ్ ఆయన మొహం వెలిగిపోతుంది, నీళ్లలో ఓడ ఎంత లోతు దిగిందో లెక్కకట్టేదీ ఇదే సూత్రంతో అంటారు.

ఇక కంటితో చూసేవి. పైన మిల్లీమీటరు కూడా మందం లేని నల్లటి కరుగు పొర, మట్టిబెడ్డ మీద బొటనవేలితో నొక్కినట్టు సొట్టలు, విరిగిన చోట లేత బూడిద రంగులో మెరిసే లోహపు రవ్వలు, ఆవగింజంత గుండ్రటి గింజలు. ఆ గింజలే కాండ్రూల్స్, కాండ్రైట్ అన్న పేరు వాటివల్లే వచ్చింది. అవి భూమి మీద రాళ్లలో ఉండవు. బుడగల గుంటలు కనిపిస్తే మాత్రం దాదాపు కాదనే చెప్పొచ్చు. ఈ గుర్తుల్లో ఒకటో రెండో ఉన్న రాళ్లు ఎన్ని వచ్చినా, ఇవన్నీ ఒకేసారి కుదిరిన రాయి మాత్రం మాకింకా ఎదురు కాలేదు.

అయస్కాంతం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట చేసేది అదే, చేయకూడనిదీ అదే. మాగ్నటైట్, స్లాగులోని ఇనుము కూడా అతుక్కుంటాయి కాబట్టి అతుక్కోవడం దేనికీ రుజువు కాదు. పైగా స్పీకర్లలోంచి పీకిన నియోడిమియం అయస్కాంతం తగిలిందా, ఆ రాయిలో కోట్ల ఏళ్లుగా దాగిన పాత అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది. అది పుట్టిన గ్రహానికి అయస్కాంత క్షేత్రం ఉండేదా అన్నది చదివేది ఆ గుర్తు నుంచే. సహారాలో దొరికిన ‘బ్లాక్ బ్యూటీ’ అనే అంగారక ఉల్క ముక్కలు ఇలాగే చేతులు మారుతూ అయస్కాంతాలు తగిలి పాడయ్యాయని శాస్త్రవేత్తలు బయటపెట్టారు. చిన్న దిక్సూచి దగ్గరికి రాయిని తెచ్చి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు.

కోట్ల కథ

రాయి తెచ్చేవాళ్లలో సగంమంది అడిగే రెండో ప్రశ్న, “ఎంత వస్తుందండీ?” దీని వెనక ఒక మురికి కథ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ‘రైస్ పుల్లింగ్’ మోసం వినని ఊరు లేదు. పిడుగు పడిన రాగి చెంబులో ఇరిడియం అనే అరుదైన లోహం పుడుతుందని, అది బియ్యపు గింజలను లాగుతుందని, అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయని నమ్మిస్తారు. ముందు ‘టెస్టింగ్’ ఖర్చులకు లక్షలు గుంజుతారు. బియ్యానికి ఇనుపపొడి పట్టించి, చెంబులో అయస్కాంతం దాస్తే సరిపోతుంది. అదే ముఠాల నోట ఇప్పుడు ఉల్కరాయి మాట కూడా వినిపిస్తోంది.

ఈ అబద్ధంలో చిటికెడు నిజం ఉంది, అందుకే అది చెల్లుతోంది. ఇరిడియం భూమి పైపొరలో బహు తక్కువ, ఉల్కల్లో దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 1980లో అమెరికా శాస్త్రవేత్త అల్వారెజ్ బృందం ఇటలీలో ఒక బంకమట్టి పొరలో ఇరిడియం చూసే, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పెద్ద గ్రహశకలం ఢీకొని డైనోసార్లు పోయాయన్న ఊహకు వచ్చింది. అయితే ‘ఎక్కువ’ అంటే ఎంత? మామూలు రాతి ఉల్కలో టన్నుకు అర గ్రాము, ముప్పావు గ్రాము. పెద్దాయన తెచ్చిన కిలోన్నర రాయి నిజంగానే ఉల్క అయినా, అందులో ఇరిడియం ఒక మిల్లీగ్రాము లెక్క. పిడుగుతో రాగి ఇరిడియం కాదు, ఎన్ని పిడుగులు పడినా కాదు.

డబ్బు అసలు లేదని కాదు. విదేశాల్లో ఉల్కలు సేకరించేవాళ్లు కొనుక్కుంటారు, చంద్రుడివి, అంగారకుడివి గ్రాము వందల డాలర్ల దాకా పలుకుతాయి. సహారా నుంచి వచ్చే మామూలు కాండ్రైట్లు గ్రాము ఒక డాలరుకే దొరుకుతాయి. మా పీజీ అమ్మాయి దగ్గర అలాంటిది ఒకటుంది, చింతగింజంత. దాన్ని చూసుకునే మేం కాండ్రూల్స్ గుర్తుపట్టడం నేర్చుకున్నాం. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రాయితో పాటు చీటీ అడగండి. ఎక్కడ దొరికింది, పట్టికలో ఏ పేరు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది. చీటీ పోయిన ఉల్కకు పట్టికలో తన పేరు తనకే తెలియదు.

మన దేశంలో పడినదాని సంగతి వేరే. ఇక్కడ పడిన, దొరికిన ఉల్కలకు సంరక్షణ బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. దొరికితే అమ్మకానికి పెట్టడం కాదు, వాళ్లకు కబురు పెట్టాలి. ఆ సంస్థకు విశాఖలోనూ కార్యాలయం ఉంది, తహసీల్దారుకు చెప్పినా చేరుతుంది. ‘ఇచ్చేస్తే మనకేం మిగులుతుంది’ అని అడిగేవాళ్లున్నారు, ఆ అడగడంలో తప్పు లేదు. రాయి ఇచ్చినవాళ్లకు కనీసం ఒక రసీదు, తర్వాత ఏం తేలిందో ఒక ఉత్తరం వెళితే ఇంకా ఎక్కువ రాళ్లు బయటికొస్తాయని నా అభిప్రాయం. కొత్త ఉల్కకు పేరు అధికారికం కావాలంటే, అంతర్జాతీయ నియమం ప్రకారం అందులో ఐదో వంతు గానీ 20 గ్రాములు గానీ, ఏది తక్కువైతే అది, గుర్తింపున్న సంస్థలో శాశ్వతంగా ఉండాలి.

పెద్ద వెలుగు కనిపిస్తే చేయాల్సింది కూడా రాతపనే. ఎక్కడ నిలబడి చూశారు, ఏ దిక్కున మొదలై ఏ దిక్కున ఆరింది, ఏ చెట్టు మీదుగా, ఏ వాటర్ ట్యాంకు మీదుగా. ఆ తర్వాత ఉరుములాంటి చప్పుడు వస్తే ఎన్ని సెకన్లకు వచ్చిందో లెక్కపెట్టాలి. మూడు నిమిషాలకు వచ్చిందంటే 60 కిలోమీటర్ల దూరం. సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే దాచాలి. అదృష్టం బాగుండి రాయి దొరికితే ఒట్టి చేత్తో పట్టుకోకుండా, కడగకుండా, ముందు పడి ఉన్న చోటనే ఫొటో తీయాలి. నెమ్మదిగా, ముక్కలవుతూ, నిమిషం సేపు సాగిన వెలుగైతే ఆశ పెట్టుకోవద్దు, అది రాకెట్ ముక్క అయ్యుండొచ్చు. 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్ర ఆకాశంలో కనిపించింది అదే. చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు చట్రం పడింది.

డాబా మీద దొరికేవి

రాయి దొరకని ఊళ్లో మేం ఏం చేస్తున్నట్టు? డాబాలు ఊడుస్తున్నాం.

అంతరిక్షం నుంచి భూమికి చేరేదాంట్లో బరువు లెక్కన పెద్ద వాటా దుమ్ముదే. రోజుకు పదుల టన్నులని, వంద టన్నులని అంచనాలున్నాయి. 1870లలో లోక సముద్రాలు చుట్టిన ఛాలెంజర్ ఓడ లోతుల్లోంచి తీసిన మట్టిలోనే ఈ గుండ్రటి రేణువులు బయటపడ్డాయి. ఊళ్లలో మాత్రం ఏరలేమని చాలాకాలం అనుకున్నారు, మనుషులు చేసిన దుమ్ము అంత ఎక్కువ కాబట్టి. నార్వేలో జాన్ లార్సెన్ అనే జాజ్ గిటారిస్టు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఇళ్ల కప్పుల గొట్టాల్లోని బురద పోగుచేశాడు. లండన్ శాస్త్రవేత్త మాథ్యూ జెంజ్‌తో కలిసి 2017లో ఫలితం ప్రకటించాడు: ఓస్లో, పారిస్, బెర్లిన్ కప్పుల నుంచి 300 కిలోల బురదలో 500 సూక్ష్మ ఉల్కలు. అంటే అరకిలో పైన బురదకు ఒక్కటి. ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది.

పని తేలిక, ఓపికే కష్టం. పాత డాబా, చుట్టూ వెల్డింగ్ షాపు లేనిది చూసుకోవాలి. వాననీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర పేరుకున్న మడ్డిని ఎత్తి, కడిగి, ఎండబెట్టి, టీ వడపోత లాంటి సన్న జల్లెళ్లలో జల్లించాలి. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అయస్కాంతంతో గాలించాలి. ఇక్కడ అయస్కాంతం వాడొచ్చు, వేరే దారి లేదు. అతుక్కున్నదాన్ని ఫోన్‌కు తగిలించే లెన్సు కింద, ఆపైన మైక్రోస్కోపు కింద ఒక్కో రేణువూ చూడాలి.

అప్పుడు తెలుస్తుంది విశాఖ అంటే ఏమిటో. ఖనిజం దించే ఊరు, బొగ్గు దించే ఊరు, ఉక్కు కాచే ఊరు. బాల్కనీలో పొద్దున తుడిస్తే సాయంత్రానికి పాదాలు నల్లబడే ఊరు. లెన్సు కింద గుండ్రటి పూసలు వందల్లో కనిపిస్తాయి. మొదటి ఆదివారం మేం పండగ చేసుకున్నాం, నలభై ఏడు దొరికాయని. రెండో ఆదివారానికి ఒక్కటీ మిగల్లేదు. వెల్డింగ్ నిప్పురవ్వ చల్లారితే పూసే, రైలు బ్రేకు రవ్వా పూసే, దీపావళి చిచ్చుబుడ్డి రవ్వా పూసే. అవి అద్దంలా నున్నగా మెరుస్తాయి, కొన్ని లోపల బోలు, కొన్నిటికి తోక, కొన్నిటికి చిల్లు. ఆకాశం నుంచి వచ్చినదాని ఒళ్లు అలా ఉండదు. పైన మాగ్నటైట్ స్ఫటికాలు ఫెర్న్ ఆకుల్లా అల్లుకుని ఉంటాయి, లేదా ఆలివీన్ అనే ఖనిజపు పలకలు వరుస గీతల్లా కనిపిస్తాయి, ఒక్కోసారి నికెల్ ఇనుప పూస ఒక పక్క ముక్కులా పొడుచుకొస్తుంది. అంతిమంగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మూలకాలు చూస్తేనే ఖాయం.

మాష్టారు ‘కాదు’ పుస్తకం ఒకటి పెట్టారు. ఏ పూస ఏ డాబాది, ఏ తేదీన తీశాం, ఎందుకు కాదనుకున్నాం అన్నీ అందులో ఉంటాయి. నాకు మొదట్లో చాదస్తంలా అనిపించింది. ఇప్పుడు కొత్త పూస కనిపిస్తే ముందు ఆ పుస్తకమే తెరుస్తున్నాం, ఎందుకంటే మన ఊరి నకిలీలు ఎలా ఉంటాయో యూరప్ ఫొటోల్లో ఉండదు. గాజువాక పెద్దాయన రాయి కూడా అందులో ఎక్కింది: తేదీ, పెరడు, లోతు మూడడుగులు, బుడగలు, చిట్టెం.

పెదవాల్తేరులో ముప్పయ్యేళ్ల నాటి డాబా నుంచి పోయిన నెల తీసిన మడ్డిలో రెండు పూసలు ఇంకా ‘కాదు’ పుస్తకంలోకి ఎక్కలేదు. ఒకదాని మీద గీతలున్నాయి, ఇంకోదాని మీద ఉన్నాయో లేదో మాలో మాకే పడటం లేదు. మాత్రలు వచ్చే చిన్న డబ్బీలో పెట్టి, మూత మీద డాబా గుర్తు, తేదీ రాశాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న ల్యాబులో అడగాలి. ఈలోగా దీపావళి రానుంది, అదే డాబాను పండగకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఊడవాలని అనుకున్నాం. ఇంటావిడ ఒప్పుకున్నారు, చీపురు మాత్రం మమ్మల్నే తెచ్చుకోమన్నారు.